కథలు పుట్టిన ఊళ్లకు పదిమంది కలిసి వెళ్లాలంటే: ఉత్తరాంధ్రా, గోదావరా, మాల్గుడా, బెంగాలా?

పుస్తకాల పిచ్చి ఉన్న స్నేహితులు ఓ పదిమంది ఉండి, ఈసారి సెలవులకి గుళ్లూ జలపాతాలూ కాకుండా కథలు పుట్టిన చోటికి వెళ్దాం అనుకుంటే, వాదన ఎక్కడికి అన్నదగ్గరే మొదలవుతుంది. ఒకరు గోదావరి అంటారు. ఒకరు శాంతినికేతన్ తప్ప ఇంకోటి వద్దంటారు. పిల్లలున్నవాళ్లు మాల్గుడి అంటారు. విజయనగరం అన్నవాళ్ల మాట మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేను ఆ విజయనగరం అన్నవాళ్ల పక్షం. ఎందుకో చెప్తాను, అలాగే ఏ గుంపుకి అది కుదరదో, వాళ్లు ఎటు వెళ్తే బాగుంటుందో కూడా చెప్తాను.

ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి. మీ గుంపులో అందరూ చదివిన పుస్తకం, లేదా బయల్దేరేలోగా అందరూ చదివేయగలిగిన పుస్తకం ఏది? ఊరు, హోటలు, రైలు టికెట్లు అన్నీ ఆ తర్వాతే. చదవకుండా వెళ్తే గురజాడ ఇల్లు ఒక పాత ఇల్లు, అంతే, పది నిమిషాల్లో చూసేసి బయటికొచ్చి టీ ఎక్కడ బాగుంటుందని అడుగుతారు. చదివి వెళ్తే అదే ఇంటి ముందు గంటసేపు నిలబడి ఆయన కన్యాశుల్కం నాటకంలోని మధురవాణి గురించి కొట్టుకుంటారు. ఒక్కరే వెళ్లేటప్పుడు ఈ ఇబ్బంది ఉండదు, ఎవరికి నచ్చిన రచయిత దగ్గరికి వాళ్లు వెళ్తారు. గుంపుగా వెళ్తే మాత్రం అందరి మధ్యా ఒక పుస్తకం ఉండాలి, లేకపోతే ఇద్దరు మాట్లాడుతుంటే ఎనిమిదిమంది ఫోన్లు చూసుకుంటారు.

విజయనగరం, శ్రీకాకుళం: మొదటి ట్రిప్పుకి నా ఓటు దీనికే

కన్యాశుల్కం మొదటి రంగం ఎక్కడ మొదలవుతుందో గుర్తుందా? విజయనగరంలో బొంకులదిబ్బ దగ్గర, సాయంత్రం పూట, గిరీశం ఒంటరిగా మాట్లాడుకుంటూ. ఆ బొంకులదిబ్బ కల్పించిన పేరు కాదు, కోటకు దగ్గర్లోనే ఉంది. ఊళ్లో ఆటో ఎక్కి ఆ పేరు చెప్తే తీసుకెళ్తారు. నాటకం అక్కణ్ణించి అగ్రహారాలకి వెళ్లి, చివరికి విశాఖపట్నం చేరుతుంది. మీ ప్రయాణం కూడా సరిగ్గా అలాగే వేసుకోవచ్చు, విజయనగరంలో మొదలుపెట్టి విశాఖలో ముగించొచ్చు. మధ్య దూరం అరవై కిలోమీటర్లు, రైల్లో గంట. పుస్తకం నడిచిన దారిలోనే మనమూ నడిచే అవకాశం తెలుగులో ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు.

ఇంకో పెద్ద కారణం ఉంది. అది నాటకం. గుంపుకి నాటకాన్ని మించిన పుస్తకం లేదు, ఎందుకంటే పాత్రలు పంచుకోవచ్చు. ఒకరు గిరీశం, ఒకరు బుచ్చమ్మ, ఒకరు అగ్నిహోత్రావధాన్లు, గొంతు పెద్దగా ఉన్నవాళ్లకి అది ఇవ్వండి, ఒకరు రామప్పంతులు, ఒకరు కరటకశాస్త్రి, ఆయన శిష్యుడు. మధురవాణికి మాత్రం ముందే పోటీ ఉంటుంది కాబట్టి అంకానికొకరు చొప్పున మార్చుకోండి. మొత్తం నాటకం ఒక్క సాయంత్రంలో అవ్వదు, చాలా పెద్దది. రోజుకి ఒకటో రెండో రంగాలు ఎంచుకుని గట్టిగా చదవండి. కళ్లతో చదివినప్పుడు అర్థంకాని హాస్యం నోటితో పలికితే బయటికొస్తుంది, ఆ మాటలు పలకడానికే రాశారు కాబట్టి. 1892లో మొదటిసారి ప్రదర్శించి 1897లో అచ్చువేసిన రూపం ఒకటి, 1909లో దాదాపు తిరగరాసి వేసిన రూపం ఇంకొకటి. అందరూ చదివేది, మనం మాట్లాడుకునేది 1909 కూర్పే, అది తెచ్చుకోండి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్లో ఉచితంగానే దొరుకుతుంది. అయినా అచ్చు ప్రతి చేతిలో ఉంటే చదవడం బాగుంటుంది, ఫోన్లో చదువుతుంటే మధ్యలో ఎవరో ఒకరి కాల్ వస్తుంది.

గురజాడ వారి ఇంటిని స్మారకంగా నిలబెట్టారు. కోట 1713లో కట్టింది, లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి పర్యాటకుల కోసం సిద్ధం చేసిన కోటలా ఉంటుందని ఆశపడొద్దు. నాకు అదే నచ్చుతుంది, పిల్లలు సైకిళ్ల మీద తిరిగే కోట. అక్కణ్ణించి సంగీత కళాశాలకి తప్పకుండా వెళ్లండి. 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు, ఘంటసాల చదువుకున్నది ఇక్కడే. ఇంత చరిత్ర ఉన్న చోట ఒక కథ చదువుకుంటే ఎలా ఉంటుంది? చాగంటి సోమయాజులు, మనం చాసో అంటామే, ఆయనది ఈ ఊరే. వాయులీనం అన్న ఆయన కథ చాలా చిన్నది, ఒక ఇల్లాలు, ఒక వయొలిన్, ఒక జబ్బు. ద్వారం వారు వయొలిన్ నేర్పిన ఊళ్లో ఆ కథ చదవడానికి పావుగంట చాలు, దాని గురించి మాట్లాడుకోవడానికి రాత్రి చాలదు. ఎందుకు పారేస్తాను నాన్నా, కుంకుడాకు అన్న ఆయన కథలు కూడా వెంట ఉంచుకోండి, గుంపులో పెద్ద పుస్తకాలు చదివే ఓపిక లేనివాళ్లకి చాసో సరిగ్గా సరిపోతారు.

ఇక శ్రీకాకుళం. కథానిలయం గురించి వినని వాళ్లకి చెప్పాలి. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, తెలుగు కథల కోసమే ఒక గ్రంథాలయం కట్టారు, 1997లో మొదలైంది. యజ్ఞంతో తొమ్మిది పుస్తకానికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వస్తే ఆ డబ్బు కూడా దీనికే పెట్టారు. పాత పత్రికలు, సంకలనాలు, ఎక్కడెక్కడో అచ్చయి మర్చిపోయిన కథలు, అన్నీ ఒకచోట. ఒక్క ప్రక్రియ కోసం ఇలాంటి చోటు కట్టిన మనిషి మన భాషలో ఉన్నారని తలుచుకుంటేనే నాకు గర్వంగా ఉంటుంది. అక్కడికి ఊరికే చూడ్డానికి వెళ్లకండి, పని పెట్టుకుని వెళ్లండి. మీ అమ్మమ్మో తాతయ్యో ఎప్పుడో వారపత్రికలో చదివానని చెప్పిన కథ, పేరు సగం గుర్తున్న కథ, అలాంటివి ఒక్కొక్కరు ఒకటి రాసుకుని వెళ్లి వెతకండి. ముందు ఫోన్ చేసి పదిమంది వస్తున్నామని చెప్పడం మర్యాద, ఇది నడుపుతున్నది పెద్ద సిబ్బంది ఉన్న ఆఫీసు కాదు. యజ్ఞం కథ చదివే వెళ్లండి. పెద్ద కథే కానీ ఆ జిల్లాని, ఆ అప్పుల్ని, ఆ పంచాయితీని అర్థం చేసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు.

రైల్లో వెళ్తే శ్రీకాకుళం రోడ్ అని ఉన్న స్టేషన్లో దిగాలి, అది ఆమదాలవలసలో ఉంది, ఊళ్లోకి మళ్లీ బస్సో ఆటోనో కావాలి. పెద్దవాళ్లు ఉంటే విజయనగరం నుంచి బండి మాట్లాడుకోవడమే సుఖం. గుంపులో పుస్తకాల మీద ఆసక్తి లేని భర్తలూ భార్యలూ ఉంటే వాళ్లకి అరసవల్లి ఉంది, శాలిహుండం ఉంది, కళింగపట్నం బీచ్ ఉంది, వాళ్లకీ రోజు వృథా కాదు.

విశాఖలో చివరి రోజు శ్రీశ్రీకి, రావిశాస్త్రికి ఇవ్వండి. శ్రీశ్రీ పుట్టిన ఊరు. రావిశాస్త్రి ఇక్కడ లాయరు, ఆ కోర్టుల్లో, సారా కేసుల్లో చూసిన మనుషులే ఆరు సారా కథల్లోకి వచ్చారు. ఈ రెండు పేర్లకి వేరే స్మారకాలు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు, బీచ్ రోడ్డు మీద కూర్చుని చదువుకుంటే చాలు.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. ఇది పర్యాటకం కోసం అలంకరించిన దారి కాదు. బోర్డులు తక్కువ, గైడ్ దొరకడు, ఎవరో ఒకరు ముందే చదివి, తెలుసుకుని, మిగతావాళ్లకి చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత భరించలేరు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, చూడదగ్గదే కానీ ఆ రోజుల్లో గదులు దొరకవు, పుస్తకం ఎవరూ తెరవరు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు చూసుకుని బయల్దేరాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అన్నిటికీ మంచిది. నాలుగు రోజులు ఉంటే హాయిగా సరిపోతుంది.

గోదావరి: అందంలో మొదటిది, చదువులో కాదు

ఇది అన్నందుకు గోదావరి జిల్లాల వాళ్లకి కోపం రావచ్చు, అయినా నా అభిప్రాయం ఇదే. గోదావరికి గుంపుగా వెళ్తే పుస్తకం సంచిలోంచి బయటికి రాదు. పాపికొండల బోటు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, ద్రాక్షారామం గుడి, అంతర్వేది, ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తూనే ఉంటాయి. రచయితలు లేరా అంటే లెక్కలేనంతమంది ఉన్నారు, నన్నయ నుంచి లెక్కపెట్టుకోవచ్చు. కానీ వాళ్లు జిల్లా అంతా పరుచుకుని ఉన్నారు, ఒక పుస్తకం, ఒక ఊరు, ఒక దారి అని కుదరదు.

కుదిరేలా వెళ్లాలంటే ఇలా చేయండి. రాజమండ్రిలోనే ఉండండి. ఒక రోజు వీరేశలింగానికి. ఆయన ఇంటిని స్మారకంగా ఉంచారు, 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే, ఆ రోజుల్లో దానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఇంటి ముందు నిలబడి పిల్లలకి చెప్పొచ్చు. తర్వాత ధవళేశ్వరం వెళ్లండి, ఆయన రాజశేఖర చరిత్రము నవల అక్కడే మొదలవుతుంది. చాలామంది ధవళేశ్వరం అంటే కాటన్ మ్యూజియం, బ్యారేజీ చూసి వచ్చేస్తారు. నవల మొదటి అధ్యాయం చేతిలో ఉంటే ఆ ఊరు ఇంకోలా కనిపిస్తుంది. భాష గ్రాంథికం కాబట్టి అందరూ మొత్తం చదవడం కష్టం, మొదటి అధ్యాయం ఒకరు చదివి మిగతావాళ్లకి వినిపిస్తే సరిపోతుంది.

ఇంకో రోజు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రికి. గోదావరి ఇళ్లలో మాట్లాడుకునే తెలుగుని ఆయనలా కాగితం మీద పెట్టినవాళ్లు లేరు. వడ్లగింజలు, పెద్దాపురం సంస్థానం చుట్టూ తిరిగే చదరంగం కథ, పెద్దదే అయినా గుంపులో చదివితే ఎత్తుకి ఎత్తు ఊపిరి బిగబట్టి వింటారు. పెద్దాపురం రాజమండ్రికి ఎంతో దూరం కాదు. వంశీ గారి పసలపూడి కథలు ఇష్టమైనవాళ్లుంటే రామచంద్రపురం వైపు బండి తిప్పి పసలపూడి కూడా చూసి రావచ్చు. అది బతుకుతున్న ఊరు, జనం వాళ్ల పనుల్లో ఉంటారు, కథల్లో పేర్లు పట్టుకుని ఇళ్ల ముందు నిలబడి ఫోటోలు తీయకండి.

బోటు విషయం కాస్త గట్టిగా చెప్తాను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం మర్చిపోకూడదు. వరద నెలల్లో, అంటే జులై నుంచి అక్టోబరు మొదటి దాకా, బోటు ఆలోచనే పెట్టుకోవద్దు. అనుమతి ఉన్న బోటేనా, లైఫ్ జాకెట్ అందరికీ ఉందా అని ఎక్కకముందే చూడండి, ఉంటే వేసుకుని కూర్చోండి, ఫోటో కోసం విప్పకండి. పులస తినాలని వరద నెలల్లో వెళ్లేవాళ్లు ఉంటారు, వాళ్లు చేప తిని రావాలి, బోటు వదులుకోవాలి, రెండూ కుదరవు. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ రోజుల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు.

మీ గుంపులో సగంమంది చదవనివాళ్లయితే మాత్రం మారుమాట లేకుండా గోదావరే. అందరూ సంతోషంగా తిరిగొస్తారు.

మాల్గుడి: పిల్లలతో వెళ్తే ఇదే

మాల్గుడి అన్న ఊరు లేదు. ఆర్.కె. నారాయణ్ 1935లో వచ్చిన మొదటి నవల స్వామి అండ్ ఫ్రెండ్స్‌తోనే ఆ ఊరిని కల్పించి, జీవితమంతా దాని గురించే రాశారు. లేని ఊరికి ట్రిప్పు ఏంటి అంటే, మూడు చోట్ల మూడు ముక్కలు దొరుకుతాయి. మైసూరు యాదవగిరిలో ఆయన ఇల్లు, కూల్చేయబోతుంటే ఆపి మ్యూజియం చేశారు, 2016లో తెరిచారు. శివమొగ్గ జిల్లాలో ఆగుంబె, శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్ సీరియల్ ఎక్కువ భాగం అక్కడే తీశారు. అదే జిల్లాలో అరసాళు రైల్వే స్టేషన్, సీరియల్లో మాల్గుడి స్టేషన్‌గా కనిపించినది, దాని పాత కట్టడాన్ని 2020లో మాల్గుడి మ్యూజియం చేశారు.

మూడిటినీ ఒకే ట్రిప్పులో చూడాలని చూడకండి. మైసూరుకీ శివమొగ్గకీ మధ్య ఇంచుమించు రెండువందల యాభై కిలోమీటర్లు, పిల్లలతో ఒక రోజు రోడ్డు మీదే పోతుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు పుస్తకం కోసమే వెళ్తుంటే మైసూరు ఇల్లు చూడండి. ఆయన రాసుకున్న గది, ఆయన నడిచిన వీధులు, అంతకుమించి హడావుడి ఏమీ ఉండదు. పిల్లలతో పెద్ద గుంపుగా వెళ్తే శివమొగ్గ వైపే వెళ్లండి. స్వామి, రాజం, మణి పేర్లు తెలిసిన పిల్లలకి ఆ చిన్న స్టేషన్ చూపిస్తే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. ఎనభైల్లో దూరదర్శన్ చూసిన తల్లిదండ్రులకైతే ఆగుంబె వీధిలో సీరియల్లో కనిపించిన పాత ఇల్లు దొడ్డమనె ముందు నిలబడితే ఆ టైటిల్ పాట చెవుల్లో మోగుతుంది. ఇంగ్లిష్ తేలిక కాబట్టి ఏడో తరగతి పిల్లలు కూడా అసలు పుస్తకమే చదవగలరు, రోజుకో అధ్యాయం రాత్రి పడుకునే ముందు.

ఇక్కడ మన గుంపులు వదిలేసే చోటు ఒకటుంది, కుప్పళి. తీర్థహళ్లి దగ్గర, శివమొగ్గ నుంచి ఆగుంబె వెళ్లే దారికి దగ్గర్లోనే. కన్నడ మహాకవి కువెంపు పెరిగిన ఇల్లు, మలెనాడు పద్ధతిలో కట్టిన పెద్ద మండువా ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. పక్కన గుట్ట మీద కవిశైల, ఆయన కూర్చుని రాసుకున్న బండలు, సమాధి కూడా అక్కడే. ఒక రచయితని తన నేల ఎలా గుర్తుపెట్టుకోవాలో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు అని బాధ వేస్తుంది, వేయాలి కూడా.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగుంబెలో వాన ఆగదు. దేశంలో అత్యధికంగా వాన పడే చోట్లలో అదొకటి, జలగలు కూడా ఉంటాయి. వాననే చూడాలనుకునేవాళ్లు తప్ప మిగతావాళ్లు నవంబరు దాటాక వెళ్లండి. ఆగుంబెలో పెద్ద హోటళ్లు లేవు, హోమ్‌స్టేలు ఉన్నాయి, పదిమందికి ముందుగా మాట్లాడుకోకపోతే ఇబ్బంది పడతారు.

బెంగాల్: వారం రోజులు, అనువాదాలు చదివిన తరం

బెంగాలీ నవలాకారుడు శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులు ఉండేవాళ్లని పెద్దలు చెప్తారు. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ లాంటివాళ్ల అనువాదాలు మన ఇళ్లలో అలా కలిసిపోయాయి. మీ గుంపులో అరవై దాటినవాళ్లు ఎక్కువమంది ఉంటే వాళ్లకి ఇంతకన్నా గొప్ప ప్రయాణం చూపించలేరు.

అందరూ శాంతినికేతన్ అంటారు గానీ నేను ముందు దేవుల్టి అంటాను. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు వెళ్లే లోకల్ రైళ్లు ఆగే చిన్న స్టేషన్, హౌరాకి యాభై కిలోమీటర్లు. అక్కణ్ణించి కాస్త లోపలికి, రూప్‌నారాయణ్ నది వైపు, శరత్ చంద్ర కట్టుకుని చివరి సంవత్సరాల దాకా ఉన్న ఇల్లు. రెండంతస్తులు, చుట్టూ వరండా, ఆయన వాడిన సామాను. ఆయన శ్రీకాంత్ నవల చదివి అక్కడికి వెళ్లిన మనిషికి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి కలకత్తా వచ్చేయొచ్చు.

శాంతినికేతన్‌కి హౌరా నుంచి బోల్పూర్ దాకా మూడు గంటల రైలు. 2023లో యునెస్కో వారసత్వ స్థలాల్లో చేరింది. ఉత్తరాయణ్‌లో టాగోర్ ఒకదాని తర్వాత ఒకటి కట్టించుకుని మారిన ఐదు ఇళ్లు ఉన్నాయి, వాటిలో శ్యామలి మట్టి ఇల్లు, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. విశ్వభారతికి వారపు సెలవు బుధవారం, ఆ రోజు పడకుండా చూసుకోండి. డిసెంబరు చివర పౌష్ మేళా సమయంలో జనం విపరీతం, గదుల ధరలు కూడా. చలం గీతాంజలి అనువాదం వెంట పెట్టుకెళ్లండి, అక్కడి చెట్ల కింద ఇంగ్లిష్ గీతాంజలి కన్నా మనకి అదే దగ్గరగా ఉంటుంది. రాయప్రోలు, బెజవాడ గోపాలరెడ్డి చదువుకున్న చోటు కూడా ఇదే కాబట్టి తెలుగు కవిత్వం మీద ప్రేమ ఉన్నవాళ్లు పరాయి చోటికి వెళ్లినట్టు అనుకోరు.

కలకత్తాలో టాగోర్ పుట్టిన జోడాసాంకో ఇల్లు, కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాలు, కాఫీ హౌస్, వీటికి రెండు రోజులు పెట్టుకోవాలి. తెలుగులోకి వచ్చిన వనవాసి నవల చదివి, దాన్ని రాసిన బిభూతిభూషణ్ అంటే పడి చచ్చేవాళ్లుంటే వాళ్లని ఆపలేం, ఘాట్‌శిలాలో ఆయన ఇల్లు ఉంది, అది జార్ఖండ్, ఇంకో రోజు కలుపుకోవాలి.

ఖర్చు, అలసట రెండూ ఇక్కడ ఎక్కువే. సికింద్రాబాద్ నుంచి హౌరా రైలు ఒక రోజు పైనే పడుతుంది, విశాఖ నుంచి అయితే ఒక రాత్రి ప్రయాణం. భాష రాదు. అన్నిటికన్నా ముఖ్యం, గుంపులో ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లు శరత్‌ని చదివి ఉండరు. రెండు నెలల ముందు నుంచి చదివించగలిగితేనే వాళ్లని తీసుకెళ్లండి.

రెండు రోజులే ఉంటే అమరావతి

సత్యం శంకరమంచి అమరావతి కథలు వంద. ఒక్కోటి మూడు నాలుగు పేజీలు, బాపు బొమ్మలు. అమరలింగేశ్వరుడి గుడి, కృష్ణ ఒడ్డు, మెట్లు, అన్నీ కథల్లో ఉన్నవే, అన్నీ కాలినడక దూరంలోనే. ఎప్పుడూ కలిసి ప్రయాణం చేయని గుంపు ఒకళ్లనొకళ్లు తట్టుకోగలరో లేదో చూసుకోవడానికి ఇది మంచి మొదలు, ఖర్చు కూడా అన్నిటికన్నా తక్కువ. బండి మాట్లాడేటప్పుడు అమరావతి గుడి అని స్పష్టంగా చెప్పండి, ఉత్త అమరావతి అంటే రాజధాని వైపు, సచివాలయం వైపు తీసుకెళ్లగలరు. స్తూపం పక్కన మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి, విదేశాల నుంచి సంక్రాంతికి వచ్చేవాళ్లకి కూడా అప్పుడే వీలు.

చలం కోసం తిరువణ్ణామలై అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆయన 1950లో వెళ్లి 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు, నిజమే. కానీ ఇప్పుడు అరుణాచలం అంటే గిరిప్రదక్షిణ రద్దీ, అందులోనూ మన తెలుగు జనమే ఎక్కువ. గుంపుగా పుస్తకం పట్టుకుని వెళ్లే వాతావరణం అది కాదు. వెళ్లాలనుకునేవాళ్లు పౌర్ణమి, శనాదివారాలు వదిలేసి ఒకరో ఇద్దరో వెళ్లండి.

ఎంతమంది, ఎవరు చూసుకోవాలి

పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌లో పట్టినంతమంది చాలు, ఎనిమిది నుంచి పన్నెండు. అంతకు మించితే రెండు బండ్లు, రెండు గుంపులు, రెండు మాటలు. ట్రావెల్స్ వాళ్లని అడిగితే గుళ్లు ఉన్న ప్యాకేజీయే ఇస్తారు, వీటి మధ్యలో ఓ రచయిత ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు ఆపుతారు. అందుకే బండి, గదులు వాళ్ల చేత తీయించుకుని, ఎక్కడ ఎంతసేపు ఆగాలన్నది మీరే రాసి ఇవ్వండి. రోజుకి రెండు చోట్లకన్నా ఎక్కువ పెట్టుకోకండి, సాయంత్రం ఆరు తర్వాత ఏదీ పెట్టుకోకండి, చదువుకోవడానికి, మాట్లాడుకోవడానికి ఉన్న సమయం అదొక్కటే. హోటల్లో పదిమంది కూర్చోగలిగే హాలో, డాబానో ఉందా అని గది ధరకన్నా ముందు అడగండి. డబ్బుల లెక్క ఒకరికి, పుస్తకం బాధ్యత ఇంకొకరికి ఇవ్వండి. రెండూ ఒకరి మీదే పెడితే ఆ మనిషి ఏదీ చదవలేరు, ట్రిప్పంతా టెన్షన్‌తోనే పోతుంది.

స్మారక ఇళ్లు తెరిచే వేళలు మారుతుంటాయి, కొన్నిచోట్ల తాళం ఉన్న మనిషి కోసం కబురు పెట్టాల్సి వస్తుంది. బయల్దేరే వారం ముందు ప్రతి చోటుకీ ఫోన్ చేయండి. ఆ ఊళ్లో సాహిత్య సంఘం ఏదైనా ఉంటే వాళ్లని కూడా పలకరించండి, విజయనగరం, రాజమండ్రి లాంటి ఊళ్లలో ఎవరో ఒక రిటైరైన మాస్టారు మీతో వచ్చి వీధి వీధీ చూపిస్తానంటారు.

విజయనగరమే ఖాయం చేసుకుంటే పుస్తకాలు రెండు నెలల ముందు అందరికీ అందేలా చూడండి. వరస ఇలా పెట్టుకోండి: కన్యాశుల్కం 1909 కూర్పు, చాసో కథల్లో మూడు, యజ్ఞం, ఆరు సారా కథల్లో ఏదైనా ఒకటి. పాత్రలు బయల్దేరే వారం ముందే పంచేయండి, రైల్లోనే చదవడం మొదలుపెట్టొచ్చు.